కొట్టి చూడనిదే కూర్చోడు

మా జగన్నాధం బావ చెక్క కనిపిస్తే కొట్టకుండా ఉండలేడు. కోపంతో కాదు. వేలు మడిచి టకటకమని రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. విన్నాక తీర్పు చెబుతాడు. ఆ తీర్పు ఎవరూ అడగరు.

సాలూరులో లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఆయనది. మా అక్క తాయారు మొగుడు. ఓసారి మా చుట్టాల పెళ్ళిచూపులకి పెద్దమనిషి కదా అని వెంట తీసుకెళ్ళాం. పెళ్ళికూతురు వెనక్కి చేరి, ఆ పిల్ల కూర్చున్న కుర్చీని టకటకలాడించి, "పిల్ల బాగున్నాది, కుర్చీయే బాగోనేదు" అన్నాడు. ఆ తరవాత వాళ్ళు మా ఫోను ఎత్తలేదు. బస్సు ఎక్కినా, ఆస్పత్రికెళ్ళినా ఇదే వరస.

మా ఇంటికొస్తే గుమ్మం, బల్ల, కుర్చీ అన్నీ అయ్యాకే కాఫీ. నా కుర్చీ దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాడు.

"ఒరే వెంకటేషూ, దీని ఎనక కాలు డొల్లరా. కూకోకు."

"నువ్వు మా ఇంటి అల్లుడివి కాకముందు నుంచీ ఉంది బావా ఈ కుర్చీ."

"అందుకే డొల్ల."

ఇలాంటి మనిషిని పండక్కీ పబ్బానికీ భరించడం వేరు. మా హర్షిత స్కూటరు మీంచి పడ్డాక వారం వారం భరించాల్సి వచ్చింది.

హర్షిత మా అమ్మాయి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది. గిటార్ దాని ప్రాణం. పడ్డప్పుడు ఎడంచేతి మణికట్టు విరిగింది, వీపున ఉన్న గిటారూ విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు వంగవు. స్పంజి బంతి పిసకాలి, నీళ్ళ సీసా ఎత్తాలి, బద్ధకిస్తే వేళ్ళు అలాగే బిగిసిపోతాయి అన్నాడు డాక్టరు. మా పిల్ల ఒక్కరోజు పిసికి, నొప్పికి ఏడ్చి, బంతిని అటక మీదకి విసిరేసింది. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. బతిమాలాం, తిట్టాం. "గిటార్ మాట ఇంక ఎత్తకండి" అంది. ఆ వేళ్ళు అలాగే ఉండిపోతాయేమోనని నాకూ మా ఆవిడకీ తిండి సహించలేదు.

సరిగ్గా అప్పుడొచ్చాడు బావ, గుమ్మం కొట్టుకుంటూ.

"గిటారు నాను సేస్తాను."

"నువ్వా బావా?"

"లారీ కంటే పెద్దదేటిరా?"

మొదటి గిటార్‌ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. మూలమూలకీ ఇనప కమ్మీలు, వాటికి నట్లూ బోల్టులూ. దాన్ని వరండాలో పడుకోబెట్టి, చెప్పులిప్పి, బావ దాని మీదకెక్కి నిలబడ్డాడు.

"సూడు. ఇరిగిందేటి?"

"గిటార్ మీద ఎవరూ ఎక్కరు బావా."

"ఎక్కితే?"

తీగ మీటితే బియ్యం బస్తాని తన్నినట్టు వినిపించింది. కట్టు విప్పాక హర్షిత మొదటిసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వరండాలో టైలు పగిలింది.

ఆ తరవాత ఆయన ఫోన్లో వీడియోలు చూడ్డం మొదలెట్టాడు. అదింకా ప్రమాదం. "స్ప్రూసంట, మహాగనీయంట. సీమ సెక్కయితేనే పలకతాదట" అని, వైజాగ్ పోర్టుకెళ్ళే ప్రతి డ్రైవరుకీ పని పురమాయించాడు. ఎర్రన్న అనే డ్రైవరు విదేశీ యంత్రం వచ్చిన పెట్టె చెక్కలు ఊడదీయించి తెచ్చాడు. ఇంకోడు టింబర్ డిపో నుంచి ఎర్రగా ఉన్న ఆఫ్రికా చెక్క తెచ్చాడు. షెడ్డులో లారీలకి చోటు లేకుండా పోయింది.

ఆదివారమొస్తే బండేసుకుని దిగేవాడు.

"రా కోడలా, సెక్కలు కొట్టాల. నా సెవులు ఇంజన్లు తినేసినాయి. నువ్వు కొట్టి, నువ్వే ఇని సెప్పాల."

"మరి అత్త వంటింట్లో గొణిగితే వినిపిస్తుంది కదా మావయ్యా?"

"అది ఇనకపోతే బతకనేను."

పైగా దానికో రూలు. ఎడంచేత్తోనే కొట్టాలి. అదీ చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా వరసగా, ఒక్కో వేలితో.

"అదేం లెక్క బావా?" అన్నాను.

"తీగలు నొక్కేది ఏ సెయ్యి? సెక్కకి ఆ సెయ్యి అలవాటవ్వాల."

"చెక్కకి అలవాటేమిటి?"

"నీకు తెలీదు. నువ్వు బట్టల కొట్టోడివి."

పొందూరు ఖద్దరు పోగు చూసి నేత చెప్పగలిగిన నన్ను పట్టుకుని ఆ మాటన్నాడు. చేతికి వ్యాయామం చెయ్యాల్సిన పిల్ల జుట్టునిండా రంపప్పొట్టుతో, డిపోలంట తిరిగి ఇంటికొచ్చేది. అడిగితే "ఈరోజు చెక్క బాగా పలికింది నాన్నా" అనేది. ఇదీ అటే పోతోందని నాకు భయం పట్టుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. బావ కన్ను మా ఆవిడ రంగం పెట్టె మీద పడింది. అనూరాధ వాళ్ళ తాతగారు ఆ రోజుల్లో రంగం, అంటే రంగూన్, వెళ్ళి, వస్తూ వస్తూ ఓడలో తెచ్చుకున్న బర్మా టేకు పెట్టె. ఇత్తడి మూలలు. మూత ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

"సెల్లెమ్మా, ఇది ఇచ్చెయ్యి. గిటారు ఎనకపలక దీంతోనే."

"ప్రాణం పోయినా ఇవ్వను అన్నయ్యగారూ."

"ఇవ్వొద్దులే. ఒకసారి ఇంటాను. కోడలా, నువ్వు మూతెత్తు. ఎడంచేత్తో ఎత్తి, కుడిచేత్తో లోపల కొట్టు."

పిల్ల అది ఎత్తలేక ఎత్తడం, మూత దభాలున పడ్డం, వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడ్డం. ఒక్కసారి అన్న మనిషి ప్రతి ఆదివారం అదే మాటన్నాడు. చివరికి బావ బండి చప్పుడు వినబడితే చాలు, మా ఆవిడ పొయ్యి ఆపి, పరిగెత్తుకెళ్ళి పెట్టె మీద కూర్చునేది.

"లెగు సెల్లెమ్మా, కొట్టుకుని ఎల్లిపోతాం."

వానలు పోయాయి, దసరా పోయింది, చలి మొదలైంది. గిటార్ మాత్రం రాలేదు. అడిగితే ఒకటే జవాబు: "ఇంకా ఆరనేదు." ఏం చెక్కో, ఎన్నాళ్ళు ఆరుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఒక ఆదివారం నాకు ఒళ్ళు మండిపోయింది.

"రేపు వైజాగ్ వెళ్ళి గిటార్ కొనేస్తాను బావా. డాక్టరు చెప్పింది ఒక్కటీ చెయ్యనివ్వకుండా పిల్లని చెక్కలు కొట్టే పనిలో పెట్టావు. దాని వేళ్ళు అలాగే ఉండిపోతే నువ్వు జవాబు చెబుతావా?"

బావకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"కొందువులే. ముందు ఆ మూత ఓసారి ఎత్తమను."

నాకు పళ్ళు నూరుకోవడమే మిగిలింది. అనూరాధ విసుక్కుంటూ లేచింది. హర్షిత ఎడంచేత్తో మూత ఎత్తి, అలాగే పట్టుకుని, కుడిచేత్తో లోపల కొట్టింది. నేను మూత పడే చప్పుడుకి భయపడి చెవులు మూసుకున్నాను. చప్పుడు రాలేదు. మూత మెల్లగా కిందికి దిగింది.

ఆ రోజు బావ చెవి ఆనించలేదు. పిల్ల వేళ్ళకేసి చూస్తున్నాడు. "సరే" అని బండేసుకుని పోయాడు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బండి వెనక మా అక్క కూర్చుంది. అక్క ఒళ్ళో లారీ టార్పాలిన్ చుట్టిన మూట. విప్పితే గిటార్. ముందుపలక లేత పసుపు, వెనక ఎరుపు, చేటంత తేలిక. నట్లు లేవు, బోల్టులు లేవు.

"ఇదెప్పుడు చేశాడే అక్కా?"

"దసరాకే తీగలు కట్టీసినాడు తమ్ముడా. అటక మీద దాసీసి, ముట్టుకుంటే నా మీద కేకలు. కోడలు వేళ్ళు కుదరాల కదా అంటాడు."

హర్షిత గిటార్ ఒళ్ళోకి తీసుకుంది. మొదట వేలు జారింది. మళ్ళీ నొక్కింది. ఈసారి చిటికెన వేలు కూడా తీగని అందుకుంది, గిటార్ ఖంగున పలికింది. పిల్ల తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకుంది. నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి.

అనూరాధ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అన్నయ్యగారూ, పెట్టె పట్టుకెళ్ళండి. మనసారా ఇస్తున్నాను" అంది.

"ఎందుకమ్మా? దాన్లో పలుకే నేదు. మొదటి దినమే తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ మా ప్రాణాలు ఎందుకు తోడేశారు?"

"మూత బరువు కదా. నీళ్ళ సీసా ఎత్తమంటే మన కోడలు గుంట ఎత్తనేదు. సెక్క ఇనమంటే ఎత్తింది."

"మాకైనా చెప్పొచ్చు కదా బావా" అన్నాను.

"సెప్తే నువ్వు ఆ సాయంత్రమే దానికి సెప్పీసేవోడివి. మళ్ళీ బంతి అటకెక్కేది."

ఇన్నాళ్ళూ ఈ మనిషినా నేను తిట్టుకున్నది అనుకుంటూ వెనకున్న నా కుర్చీలో కూలబడ్డాను. ఫటుక్కుమంది. మరుక్షణం నేను నేల మీద ఉన్నాను. మా అక్క కెవ్వుమంది. హర్షిత గిటార్ పట్టుకునే పగలబడి నవ్వింది.

బావ గబగబా నా దగ్గరికొచ్చాడు. లేపుతాడేమోనని చెయ్యి చాపాను. ఆయన నా పక్కన పడున్న కుర్చీ కాలు తీసుకుని, టకటకమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"సెప్పేను కదా, డొల్లని."