ఘుబ్రాలో దెయ్యం చిలకలు

నేను ఒకసారి నాలుగు పంచదార చిలకల్ని బతికుండగానే సమాధి చేశాను. ఇది మస్కట్‌లో, ఘుబ్రాలోని మా ఫ్లాట్‌లో, పట్టపగలు, మా ఆవిడ, మా అమ్మాయి చూస్తుండగా జరిగింది. చదివాక నన్ను ఏమైనా అనుకోండి. మా కాలేజీవాళ్ళకి మాత్రం చెప్పకండి, ఇచ్చిన పట్టా వెనక్కి అడుగుతారు.

నేను కెమికల్ ఇంజనీర్ని. ఈ సంగతి ఇప్పుడే చెప్పిపెడుతున్నాను, చివర్లో అవసరం పడుతుంది.

ఐదారేళ్ళ కిందటి మాట. మా బిల్డింగ్‌లో ఏటా అక్టోబరు ఆఖర్లో పిల్లలకి హాలోవీన్ పార్టీ చేస్తారు. పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని కింద హాల్లో చేరతారు. ఇంటికొక తీపి పదార్థం చేసుకెళ్ళాలి. అది చూస్తే భయం వెయ్యాలి, తింటే బాగుండాలి. అందరికన్నా బాగా భయపెట్టినవాళ్ళకి బహుమతి. అంతకుముందు ఏడాది మేం బిస్కెట్ ప్యాకెట్లు పట్టుకెళ్ళాం. వాటిని చూసి ఎవరూ భయపడలేదు, మా అమ్మాయి లాస్య తప్ప. ఆ పిల్లకి అప్పుడు ఎనిమిదేళ్ళు.

"ఈసారి కూడా ప్యాకెట్లయితే నేను రాను నాన్నా" అంది.

"ఏదైనా కేకు ఆర్డరిచ్చేద్దాం" అంది సునీత, మా ఆవిడ. తనకి బౌషర్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం.

"కొనడమెందుకు? నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా?"

"పాకం అంటే ఏముంది? వేడి, చిక్కదనం. ఈ రెండూ చూసుకోవడానికే కదా కంపెనీ నాకు జీతమిస్తోంది."

సునీత ఏమీ అనలేదు. మా పదేళ్ళ కాపురంలో సునీత ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భాలన్నీ నాకు గుర్తున్నాయి. ఒక్కటీ సుఖాంతం కాలేదు.

నా ఆలోచన ఇది. మా పై ఫ్లాట్‌లో ఉండే డాక్టరు గారింట్లో సత్యవతి గారని పనిచేసేవారు. కోనసీమ మనిషి. ఆవిడ దగ్గర పంచదార చిలకల అచ్చు ఉండేది. రెండు చెక్కలు, లోపల నాలుగు చిలకల ఆకారాలు చెక్కి ఉంటాయి. రెండూ కలిపి తాడు బిగించి, అడుగు కన్నంలోంచి పాకం పోస్తే తెల్లటి చిలకలొస్తాయి. మస్కట్‌లో మనవాళ్ళింట ఏ పెళ్ళయినా, శ్రీమంతమైనా చిలకలు ఆవిడ చేతివే. తెల్లగా, కదలకుండా, గుడ్లప్పగించి చూసే ఆ చిలకలకి నల్ల చాక్లెట్‌తో కళ్ళు దిద్దితే అచ్చం దెయ్యాలే. ట్రేలో చాక్లెట్ కేకు పొడి మట్టిలా పరిచి, జెల్లీ వానపాముల్ని వదిలి, మధ్యలో దెయ్యం చిలకల్ని నిలబెడితే శ్మశానం సిద్ధం. ఇంత తెలివి నాకెక్కణ్ణుంచి వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను.

బుధవారం లిఫ్టు దగ్గర సత్యవతి గారిని అడిగాను.

"చిలకలకి దెయ్యాలేంటండీ?" అన్నారావిడ.

"పిల్లల సరదా అండీ. ఒక్క వాయి పోసుకుని ఇచ్చేస్తాను."

"పిల్లల కోసం అంటన్నారు కాబట్టి ఇత్తానండి. కానీ శుక్కురోరం బౌషర్‌లో శ్రీమంతం ఉందండి. తెల్లారేసరికల్లా నలభై చిలకలు పొయ్యాలి. రేపు పార్టీ అవగానే అచ్చు నా చేతిలో పెట్టెయ్యాలండి, ఆయ్. అది మా అమ్మదండి. అలాంటిది చెక్కేవోళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో లేరండి."

"ప్రాణంలా చూసుకుంటాను" అన్నాను. అన్నంత పనీ చేశాను. ఇబ్బందంతా అక్కడే వచ్చింది.

గురువారం మా ముగ్గురికీ సెలవు. పొద్దున్న ఆవిడ అచ్చు తెచ్చి ఇచ్చారు. తడిబట్టలో చుట్టి ఉంది, నీళ్ళు కారుతున్నాయి. "ఇలాగే వాడెయ్యండి, పాకం పోసి కాసేపాగి ఇప్పెయ్యండి" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయారు.

నాకు మనసు చివుక్కుమంది. వాళ్ళమ్మగారి నాటి చెక్క, ఇక దొరకదంటున్నారు, అలాంటిదాన్ని రాత్రంతా నీళ్ళలో పడేశారే అని బాధపడ్డాను. తువ్వాలుతో తుడిచాను. సునీత హెయిర్ డ్రయ్యర్‌తో సందు సందునా ఆరబెట్టాను. అయినా అనుమానం తీరక బాల్కనీలో ఎండబెట్టాను. మస్కట్ ఎండ అక్టోబరులో కూడా పని ఎగ్గొట్టదు. రెండు గంటల్లో చెక్క పెళపెళలాడింది.

"ఆవిడకి దాని విలువ తెలిసినట్టు లేదు" అన్నాను సునీతతో.

ఈసారి కూడా ఏమీ అనలేదు.

పాకం అద్భుతంగా కుదిరింది. థర్మామీటరు పెట్టి మరీ కాచాను. అచ్చుకి తాడు బిగించి పోశాను. కాసేపాగి, సినిమాలో పెళ్ళికూతురి మేలిముసుగు తీసినంత నెమ్మదిగా తాడు విప్పాను. చెక్కలు కదల్లేదు.

"ఇంకా గట్టిపడలేదేమో" అన్నాను.

సునీత కన్నం దగ్గర చెంచాతో కొట్టి చూసింది. టక్కుమంది. "పడింది" అంది.

చాకు దూర్చాను, మొన విరిగింది. వస్తువు చల్లబడితే కుంచించుకుపోతుంది కదా అని ఒక గంట ఫ్రీజర్‌లో పెట్టాను. మార్పులేదు. వేడెక్కితే వ్యాకోచిస్తుంది కదా అని మళ్ళీ హెయిర్ డ్రయ్యర్ తీశాను.

"ముందు చల్లగా పెట్టావు, ఇప్పుడు వేడి చేస్తున్నావు. ఏది కరెక్టు నాన్నా?" అంది లాస్య.

"రెండూ కరెక్టే."

"పోనీ తడిపి చూస్తే?" అంది సునీత.

"ఆరబెట్టడానికే రెండు గంటలు పట్టింది. మళ్ళీ తడుపుతావా?" అని కసిరాను. ఈ మాట సునీత ఇప్పటికీ మా చుట్టాల దగ్గర నా గొంతుతోనే చెబుతుంది.

చివరికి సుత్తి తీశాను. సునీత నా చేతిలోంచి లాక్కుని, "అది వాళ్ళమ్మది" అంది.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. పిల్లల పార్టీ ఎటుపోయినా పోనీ. తెల్లారితే ఒక అమ్మాయి శ్రీమంతం, నలభై చిలకలు. నేను ఆ పెద్దావిడ చేతిలో ఏం పెట్టను? ఆవిడ పెట్టెలో బట్టల మధ్య దాచుకుని సముద్రం దాటించి తెచ్చుకున్నది ఆ ఒక్క వస్తువూ. నేను సిగ్గుతో సోఫాలో కూలబడ్డాను.

ఆరు గంటలయింది. ట్రేలో మట్టి ఉంది, వానపాములున్నాయి, దెయ్యాలు లేవు. లాస్య నా వంకా అచ్చు వంకా చూసి, దాన్ని తీసుకెళ్ళి మట్టి మధ్యలో పడుకోబెట్టింది.

"శవపేటిక అని చెబుదాం. చిలకలు లోపలున్నాయి, రాలేవు" అంది.

అబద్ధం కూడా కాదు కాబట్టి కిందికి తీసుకెళ్ళాం.

పార్టీ నడిపేది రెండో అంతస్తు ఫెర్నాండెజ్ ఆంటీ. ఆవిడ మా ట్రే దగ్గర ఆగిపోయింది. "వాట్ యాన్ ఐడియా. ఇది నిజంగా తెరుచుకోదా?" అని అడిగింది.

"ఎప్పటికీ తెరుచుకోదు" అన్నాను. నా జీవితంలో ఇంత నిజాయితీగా ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

పిల్లలు చెక్కకి చెవులానించి విన్నారు. లోపల్నుంచి గోకుతున్న చప్పుడు వినిపించిందని ఒకడు ఏడ్చాడు. వాడి ఏడుపుతో మాకు మొదటి బహుమతి ఖాయమైపోయింది. రెండు మాటలు మాట్లాడమంటే, మా ప్రాంతపు కళ గురించి నాలుగు మాటలు మాట్లాడాను. ఐదో మాట నోట్లో ఉండగా, డాక్టరు గారి పిల్లల్ని తీసుకుని సత్యవతి గారు లోపలికొచ్చారు.

ఆవిడ నేరుగా ట్రే దగ్గరికొచ్చారు.

"సారండీ, అది మా అమ్మ అచ్చు కదండీ."

"అవునండీ."

"దాని మీద పాకుతున్నయ్యేంటండీ?"

"జెల్లీ వానపాములండీ. తినేవే."

ఆవిడ అచ్చు చేతిలోకి తీసుకుని, వానపాముల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, పైటచెంగుతో తుడిచారు. చెక్కని వేలితో తడిమి చూశారు.

"ఆరబెట్టారాండీ?"

"చాలా జాగ్రత్తగా ఆరబెట్టానండీ."

"పొడి చెక్క పాకాన్ని పట్టేసుకుంటదండి. తడిగుంటే వదిలేత్తది. అందుకే కదండీ రాత్రంతా నానేసి ఇచ్చాను."

నేను తల దించుకుని, ఫ్రీజర్ దగ్గర్నుంచి సుత్తి దాకా జరిగినదంతా చెప్పేశాను. కొత్త అచ్చు ఎక్కడ దొరికినా తెప్పిస్తానని కూడా అన్నాను. ఆవిడ హాలు పక్కన టీ కాచుకునే గదిలోకి వెళ్ళి, ఒక గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి అచ్చు అందులో వేశారు. పార్టీ అంతా గిన్నె చుట్టూ చేరింది. పది నిమిషాలు గడిచాక రెండు చెక్కలూ వాటంతటవే విడిపోయాయి. ఒక్క గీత కూడా పడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిరి కళ్ళలో పడిందని చెప్పుకున్నాను.

నాలుగు చిలకలూ బయటికొచ్చాయి. సగం కరిగి, ముక్కుల్లేకుండా, మొహాల్లేకుండా. పొద్దున్నుంచి మొదటిసారి అవి నిజంగా దెయ్యాల్లా ఉన్నాయి. పిల్లలు కేకలేసుకుంటూ పంచుకుని తినేశారు.

సత్యవతి గారు అచ్చుని మళ్ళీ తడిబట్టలో చుట్టుకుంటూ అడిగారు.

"సారు ఏం డ్యూటీ చేత్తారండీ?"

నేను గొంతు సవరించుకునేలోపే సునీత చెప్పేసింది. "సముద్రపు నీళ్ళలో కరిగిన ఉప్పు తీసే ప్లాంటులో ఇంజనీరండీ."

ఆవిడ జాలిగా తలూపారు.

"ఉప్పంటే తెలుసన్నమాట. పాపం, పంచదార కూడా కరుగుద్దని చెప్పుండరండి."

మర్నాడు తెల్లవారకముందే నేను పైకి వెళ్ళి, నలభై చిలకలయ్యేదాకా పాకం కలిపి పెట్టాను. అచ్చుని మాత్రం ఆవిడ నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో చెక్క వస్తువు ఏదైనా, ఎవరిదైనా, తడిగా కనిపిస్తే తడిగానే ఉండనిస్తాను. తువ్వాలు ముట్టను, డ్రయ్యర్ పట్టను. ఇవాళ పొద్దున్న మస్కట్‌లో వానపడి మా బాల్కనీలో చెక్క కుర్చీ తడిసింది. తుడవమని సునీత ఇప్పటికి మూడుసార్లు చెప్పింది. నేను మాట మీద నిలబడే మనిషిని. ఆ కుర్చీ ఎండే వరకు నిలబడే ఉంటాను.