మా పైవాటా

ఆత్మకూరు నుంచి కర్నూలు వస్తున్న బస్సులో ఆమె నా పక్క సీట్లో కూర్చుంది. నల్ల బురఖా, ఒళ్లో సీతాఫలాల సంచి. నేనేమో మెల్‌బోర్న్‌లో ఉన్న మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతున్నాను. అక్కడ ఏ ఏరియాలో ఇల్లు తీసుకోవాలన్నది మా తగువు. ఆయన రైలుస్టేషన్ పక్కనే అంటాడు. నేను మనవాళ్లున్న వైపే అంటాను.

"ఆ వీధిలో మనకు ఇల్లిస్తారో లేదో ముందు కనుక్కో. పేరు చూసి లేదంటే ఎంత అవమానం!" అని గట్టిగానే అన్నాను. కర్నూల్లో మా పైవాటా ఇంకా ఖాళీగానే ఉందనీ, నేను అక్కడికి బయల్దేరేలోగా ఎవరినైనా అద్దెకు పెడతాననీ చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

"అక్కా, మేమూ కర్నూల్లో ఇల్లు ఎతుకుతాండాం. శానా చోట్ల మా పేరు చెప్తానే, ఇచ్చేసినాం అంటాండారు. మీ పైవాటా..."

మా అత్తగారు ఏమంటారో తెలుసు. నేనేం చెప్పబోతున్నానో అంతకంటే బాగా తెలుసు.

ఆమె నా ముఖం ఒక్క క్షణం చూసి, కిటికీ వైపు తిరిగింది.

"మీరూ ఎవరికో మాటిచ్చేసింటారులే."

ఫోన్లో నేనన్నదంతా విన్న మనిషి. ఆ అబద్ధం కూడా నా బదులు తనే చెప్పింది. నేను తలూపాను.

దిగేటప్పుడు, "ఆడ మీకు మంచి ఇల్లు దొరకాలక్కా" అంది.

దొరికింది. ఆ ఇంటావిడ నా పేరు ఎలా పలకాలో మాత్రం అడిగి, తాళంచెవి ఇవ్వబోయింది. అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.