నడుమ వేసిన చాప

పోయిన శుక్రవారం మా తిరువళ్ళూరు చర్చిలో ఉపవాస ప్రార్థన జరుగుతుంటే, పెళ్ళయి కొన్నేళ్ళయినా కడుపు పండని ఒక తెలుగింటి కోడలుపిల్లను నడుమ చాప మీద కూర్చోబెట్టారు. “అక్కా, నీంగళుమ్ కై వైంగ,” అని పాస్టరుగారి భార్య నన్ను కూడా చెయ్యి పెట్టమంది. పెట్టాను. ఆ పిల్ల తల చెమటతో, కొబ్బరినూనెతో తడిసి వేడిగా ఉంది. ఒకప్పుడు ఆ చాప మీద కూర్చున్నది నేనే.

నేను తిరుత్తణి పిల్లను, కోడలిగా ఈ ఊరొచ్చాను. మా అత్త పొదటూరుపేటలో మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక ప్రభువును నమ్ముకున్న మనిషి. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మోకరించిందంటే పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా లేచేది కాదు. మా ఇంట్లో తెలుగే అయినా చర్చిలో అంతా తమిళమే, అత్త కూడా అక్కడ తమిళంలోనే ప్రార్థించేది. నాకు బిడ్డ కావాలని ఆమె వంటింట్లో మొదలుపెట్టిన ప్రార్థన మెల్లగా సంఘమంతా పాకింది. శుక్రవారం వచ్చిందంటే చాలు, రేకుల కప్పు కింద తలుపుదాకా ఆడవాళ్ళు, నడుమ చాప మీద నేను. నా తల మీద ఎన్ని చేతులు పడితే అన్ని. ఒకామె చెయ్యి రుబ్బురోలు పొత్రమంత బరువు. ఇంకొకామె గాజు ప్రతిసారీ నా జుట్టులో చిక్కుకునేది. ఆమె చేతులెత్తి స్తోత్రం చెప్పినప్పుడల్లా నా వెంట్రుకలు కొన్ని ఆమెతోపాటు పరలోకానికి బయలుదేరేవి. తర్వాత గంజి తాగేటప్పుడు “విశేషమేమన్నా ఉండాదామ్మా?” అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. చర్చికి రాకపోతే విశ్వాసం లేదంటారు, వస్తే చాప సిద్ధం. పాటలంటే నాకు ప్రాణం. అలాంటిది, చివరికి పాట మొదలైతేనే తలుపు వైపు చూసేదాన్ని. దేవుడి ఇల్లు నాకు బోనైపోయింది. ఇక ఆ గడప తొక్కకూడదు అనుకున్న శుక్రవారం కూడా అత్త నా మణికట్టు పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ రోజు అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తున్నారు. గాజు మళ్ళీ చిక్కుకుంది. విడిపించడానికి అత్త నా మీదికి వంగింది. ఆ గోలలో ఎవరికీ వినపడదని నేను గొణుక్కుంటున్న మాట ఆమె చెవిన పడింది.

“సామీ, బిడ్డొద్దు ఏమొద్దు. నన్ను ఈడ్నించి లేపు.”

జుట్టు విడిపించినా అత్త వెంటనే లేవలేదు. అలాగే వంగి నా మొహం చూసింది. తర్వాత నిటారుగా నిలబడి, ఆ తమిళం మధ్యలో పెద్దగా తెలుగులో మొదలుపెట్టింది. “నాయనా, ఇంక చాలు. ఇయ్యాలంటే ఇయ్యి, లేదంటే మాన్లే. వారం వారం ఈ పిల్లని నడీమద్దె కూర్చోబెట్టి నిన్ను అడిగేది మేము నిలిపేస్తాము. నా ఇంటికి నువ్వు బిడ్డని ఎప్పుడో ఇచ్చినావు. ఇదిగో, ఈ పిల్లే. నేనే చూసుకోలేదు.”

గొంతులన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. పాస్టరు అయ్య ఆమెన్ అన్నాడు. అత్త చెయ్యిచ్చి నన్ను లేపింది. ఆ పై శుక్రవారం చాప వెయ్యలేదు. గోడవారగా కూర్చుని గొంతు బొంగురుపోయేదాకా పాడాను. నాకు బిడ్డ పుట్టలేదు. బాధ లేదని చెప్పను, ఇప్పటికీ ఉంది. కానీ నిండు మనసుతో అడిగిన మాట దేవుడు వింటాడని ఎవరైనా అంటే నేను వాదించను. నేను అడిగింది లేపమని, ఆయన లేపాడు.

మొన్న శుక్రవారం చాప మీది ఆ పిల్ల దగ్గరికి వంగి, “ఏం అడగతా ఉండావు తల్లీ?” అన్నాను మెల్లగా, తెలుగులో. తల ఎత్తలేదు. “ఇంటికి పోవాలని ఉండాది పెద్దమ్మా,” అంది.

నేను నిటారుగా నిలబడ్డాను. “నాయనా, ఇంక చాలు,” అని మొదలుపెట్టాను, అందరికీ వినపడేలా. అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆమె ఆ రోజు మొదలుపెట్టిన ప్రార్థన అప్పుడే ముగిసిందని ఇంతకాలం నేను అనుకుంటూ వచ్చాను.