పడమటి పది అడుగులు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, మార్చి మొదటి వారంలో, మా కంపెనీ నన్ను వర్జీనియాలోని షాంటిలీ ఆఫీసుకు సీనియర్ అండర్‌రైటర్‌గా వేసింది. మాది టైటిల్ ఇన్సూరెన్స్. కారు బీమా రేపు జరగబోయే ప్రమాదానికి. మాది ఎప్పుడో జరిగిపోయి, పాత కాగితాల్లో దాక్కున్న ప్రమాదానికి. స్థలం కొనేవారికి, దాని మీద అప్పిచ్చే బ్యాంకుకు, ఆ స్థలంలో బయటివాళ్లకు హక్కులేమీ లేవని మేం పూచీ ఇస్తాం. ఎగ్జామినర్ పాత దస్తావేజులన్నీ వెతికి వరసగా పేరుస్తాడు. వాటిలో ఏ హక్కు ఇంకా బతికుందో, ఏది చచ్చిందో తేల్చి సంతకం పెట్టేది అండర్‌రైటర్. బతికున్న హక్కుల్ని పాలసీలో మినహాయింపులన్న జాబితాలో రాస్తాం. అందులో రాసినదానికి మా పూచీ ఉండదు. రాయకుండా వదిలేస్తే ఆ తర్వాత గొడవంతా మా నెత్తి మీదే.

దస్తావేజులు చదవడంలో నాకు కొంచెం పొగరుండేది, ఆ మాట దాచను. మా నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. స్కూలు నుంచి రాగానే నేను సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదుట ఆయన బల్ల పక్కన కూర్చునేదాన్ని. ఆయన చెబుతుంటే చెక్కుబందీ రాసేదాన్ని. స్థలానికి నాలుగు వైపులా ఏమున్నాయో చెప్పే హద్దుల పట్టీనే చెక్కుబందీ అంటారు. తూర్పు, మునిసిపాలిటీ రోడ్డు. పడమర, ఫలానా వారి పెంకుటిల్లు. అలా నాలుగు దిక్కులూ రాశాకే నాన్న టీ తాగేవారు. ఆ అలవాటు వల్ల అమెరికాలో ఈ ఉద్యోగంలో చేరాక, లా చదివిన తోటివాళ్లు అరగంట కూర్చుని చదివే దస్తావేజును నేను పది నిమిషాల్లో ముగించేదాన్ని. ఆ వేగమే నన్ను ముంచబోయింది.

షాంటిలీకి గంట దూరంలో ఉన్న ఒక పాత ఊళ్లో ఏడో నంబరు స్థలాన్ని శ్రీనివాస్ అనే సాఫ్ట్‌వేర్ మేనేజరు, ఆయన స్నేహితులు కలిసి కొన్నారు. మూడంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టాలని వాళ్ల ప్రయత్నం. దానికి పడమర పక్కన ఆరో నంబరు స్థలం, అందులో రాతి పునాది మీద ఎత్తుగా లేపిన పాత ఇల్లు. ఆ ఇంటి కిటికీలు వరసగా ఈ ఖాళీ స్థలం వైపు తెరుచుకుని ఉన్నాయి. వాటిని చూసిన బ్యాంకు ఒక ప్రత్యేక హామీ అడిగింది. పక్కింటివాళ్ల వెలుతురు హక్కు వల్ల కట్టడం ఆగదని మేం పాలసీలో రాసివ్వాలి.

వెలుతురుకు హక్కేమిటని చదివేవారికి అనిపించవచ్చు. ఇంగ్లండులో ఒక కిటికీలోకి ఏళ్ల తరబడి వెలుతురు పడుతూ వస్తే అదే హక్కుగా మారుతుంది. అక్కడి బిల్డర్లు దాని కోసమే విడిగా బీమా కొంటారు. అమెరికాలో ఆ పద్ధతిని కోర్టులు ఒప్పుకోలేదు. ఎంతకాలం వెలుతురు పడినా అది హక్కు కాదు. పొరుగు స్థలం మీదుగా గాలీ వెలుతురూ రావాలని ఎవరైనా రాసిచ్చి, అది రిజిస్టరై ఉంటేనే హక్కు. అందువల్ల ఇక్కడ మా పని ఆకాశం కేసి చూడటం కాదు, ఆ కాగితం ఉందో లేదో చూడటం.

ఆ కాగితం ఉంది. ఎగ్జామినరే తీసి పెట్టాడు. ఒకప్పుడు రెండు స్థలాలూ ఒకే యజమానివి. ఆయన ఏడో నంబరును అమ్ముతూ, తన ఇంటి కిటికీల కోసం 'ఏడో నంబరు స్థలం పడమటి పది అడుగుల మీదుగా' గాలీ వెలుతురూ వచ్చే హక్కును అట్టిపెట్టుకున్నాడు. అక్కడ కిటికీల కింది అంచును మించి ఏ కట్టడమూ లేవకూడదని రాయించాడు. నేను చదివాను. ఏడో నంబరుకు పడమర పది అడుగులంటే ఆరో నంబరులోని భాగమే కదా అనుకున్నాను. అది ఆయన సొంత స్థలం. ఎవరి స్థలం మీద వాళ్లకే విడిగా హక్కు రాసుకోవడానికి అర్థం లేదు కాబట్టి, అది చెల్లదని తేల్చి మినహాయింపుల నుంచి కొట్టేశాను. బ్యాంకు అడిగిన హామీ ఇచ్చాను. మా జాబితాలో లేదు కాబట్టి సర్వేయరు కూడా తన పటంలో ఆ పది అడుగులు గీయలేదు.

రెండు నెలల తర్వాత ఆరో నంబరు ఇంటి యజమానురాలు రూత్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె వయొలిన్లు బాగుచేస్తారు. ఆ కిటికీల వెనక ఉన్నది ఆమె పని గది. పక్క స్థలంలో తన గోడకు దగ్గరగా మేకులు పాతి తాళ్లు కట్టారని, సోమవారం కాంక్రీటు పోస్తారని, తన హక్కు సంగతి మీకు తెలుసా అని మర్యాదగా అడిగారు. దస్తావేజు నకలు కూడా జతచేశారు. నాకు తెలిసిన ప్లాను ప్రకారం పడమర వైపు కార్లు వెళ్లే దారి రావాలి. శ్రీనివాస్‌కి ఫోన్ చేసి అడిగాను.

"అది ఫ్లిప్ చేశాం మేడమ్," అన్నాడు. "మా పార్ట్‌నర్ సత్యనారాయణ గారు వాస్తు చూపించారు. తూర్పు ఓపెన్‌గా ఉండాలట, బరువంతా పడమర, నైరుతిలో ఉండాలట. డ్రైవ్‌వే అటు మార్చి బిల్డింగ్ ఇటు జరిపాం. పర్మిట్ కూడా రివైజ్ చేయించాం."

అప్పటికీ నాకు దిగులు లేదు. ఆమె పొరపాటు పడ్డారని ఉత్తరం రాస్తే సరిపోయేది. కానీ అంత మర్యాదగా అడిగిన మనిషికి ఎదురుగా చెప్పడం పద్ధతి అనిపించి, శుక్రవారం ఉదయం కారు తీశాను.

రూత్‌కి దాదాపు నా వయసే. బల్ల మీద పొట్ట విప్పిన వయొలిన్ ఉంది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కొంచెం వంచి పట్టుకున్నారు. అప్పుడు దాని మీద వెంట్రుకవాసి చీలిక కనిపించింది. దీపం కింద అది కనపడదని, నలభై ఏళ్లుగా ఈ కిటికీల వెలుతురుతోనే పని చేస్తున్నానని చెప్పారు. గోడ లేస్తే ఈ పని ఇక్కడ సాగదని, ఈ వయసులో ఇంకో చోట మొదలుపెట్టే ఓపిక తనకు లేదని అన్నారు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాక, సంగతి చెప్తున్నట్టే చెప్పారు.

ఆమెకు విడమరిచి చెప్దామని కాగితం తీసుకుని ఒక చతురస్రం గీశాను. మధ్యలో ఏడు అని వేశాను. గీతలకు బయట నాలుగు వైపులా దిక్కులు రాసి, పడమర అన్న మాట పక్కన బయటే పది అడుగుల పట్టీ గీశాను. ఆమె కాసేపు చూసి, స్థలం గీత లోపల ఉంటే మీరు మాటలు బయట ఎందుకు రాస్తున్నారని అడిగారు.

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ బొమ్మ మా నాన్న బల్ల మీద గీసేది. చెక్కుబందీలో పడమర అంటే స్థలం దాటాక పడమర ఏముందో అది. ఈ దస్తావేజులో పడమటి పది అడుగులంటే స్థలం లోపలే, పడమటి అంచున ఉన్న పది అడుగులు. ఏ కుర్ర ఎగ్జామినరూ చేయని తప్పు నేను చేశాను. దస్తావేజు బల్ల పక్కన పెరిగినందుకే చేశాను. కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నాను. తప్పు నాదని ఆమెకు అప్పుడే చెప్పాను.

కారులోంచే మా చీఫ్ అండర్‌రైటర్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని నిమిషాలవి. ఆయన ఒక్కటే అడిగారు, కాంక్రీటు పోశారా అని. పోయలేదన్నాను. అయితే మెమో తర్వాత రాయవచ్చు, ముందు వాళ్లను ఆపమన్నారు.

నేను పిలిస్తే ఆ మధ్యాహ్నమే శ్రీనివాస్, సత్యనారాయణ గారు స్థలం దగ్గరికి వచ్చారు. రూత్ కూడా దస్తావేజు పట్టుకుని బయటికి వచ్చారు. తప్పు మాదేనని, గోడ లేచాక కోర్టు కూలగొట్టమంటే నష్టం మా కంపెనీ భరిస్తుందని, కానీ కూలేది మాత్రం వాళ్ల బిల్డింగేనని చెప్పాను. శ్రీనివాస్‌కి కోపం వచ్చింది. "పేపర్ చదవడమే కదా మేడమ్ మీ జాబ్," అన్నాడు.

సత్యనారాయణ గారు నెమ్మదస్తుడు. "తప్పు ఒప్పుకున్నారు కదా, వదిలెయ్ శ్రీనూ," అని నా వైపు తిరిగారు. "అమ్మా, పాత ప్లాన్‌కి వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. తూర్పు కొంచెం తగ్గినా సర్దుకుంటాను. నైరుతి మాత్రం బోసిగా వదలలేను. అక్కడ బరువు ఉండి తీరాలి. ఎంత బరువని అడక్కండి, అది నాకూ తెలీదు."

దాన్ని రూత్‌కి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, ఆ మూలన ఏదో ఒక బరువైన కట్టడం ఉండాలని ఈయన కోరిక అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. దస్తావేజు తీసి, కిటికీల కింది అంచు దాకా ఏం కట్టుకున్నా తనకు అడ్డు లేదని చివరి వాక్యం చదివి వినిపించారు. పునాది ఎత్తు కాబట్టి ఆ అంచు మా అందరి తలల కంటే పైనే ఉంది. సైకిళ్లు పెట్టుకోవడానికి రాతి గోడలతో, చదునైన కప్పుతో ఒక గది అక్కడ కట్టుకోవచ్చు. సత్యనారాయణ గారు ఆ మూలకు వెళ్లి, చెయ్యెత్తి కిటికీ అంచు అందుతుందేమో చూశారు. అందలేదు. "రాయే కదా, బరువు సరిపోతుంది," అన్నారు.

హమ్మయ్య అనుకున్నాను. పాత ప్లానుకు ఆ ఊరి మునిసిపాలిటీ ఆమోదం ఒకసారి వచ్చిందే కాబట్టి మళ్లీ తెచ్చుకోవడం కష్టం కాలేదు. సోమవారం కాంక్రీటు లారీ రాలేదు. మూడు వారాలు ఆలస్యంగా, పది అడుగులు జరిగి పని మొదలైంది. నేను పాలసీ సవరించి ఆ హక్కును జాబితాలో చేర్చాను. సర్వేయరు పటంలో ఆ పట్టీ గీశాడు. కొత్త పటం చూసి బ్యాంకు ఒప్పుకుంది. మెమోలో కారణం అన్నచోట నా పేరే రాశాను. చీఫ్ దాన్ని ఫైల్లో పెట్టి, ఇకపై దిక్కు పేరున్న ప్రతి దస్తావేజుకూ అండర్‌రైటర్ చేత్తో బొమ్మ గీసి జతచేయాలని ఆర్డరు వేశారు. తోటివాళ్లు కొన్నాళ్లు నన్ను పడమర మేడమ్ అన్నారు. అనిపించుకున్నాను.

అపార్ట్‌మెంటు పూర్తయ్యాక ఒకసారి ఆ దారిన వెళ్తూ ఆగాను. సైకిళ్ల గది కప్పు మీదుగా వెలుతురు రూత్ కిటికీల్లో పడుతోంది. లోపల ఆమె ఒక వయొలిన్‌ను వంచి చూస్తున్నారు. పలకరించి పని చెడగొట్టడం ఎందుకని వచ్చేశాను.

దిక్కులన్నీ మనం నిలబడ్డ చోటును బట్టే ఉంటాయి. ఆ దస్తావేజు చదివిన రోజు నేను వర్జీనియాలో కూర్చుని తెనాలి బల్ల దగ్గర నిలబడ్డాను. తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, పడమర అన్న మాట కనపడితే ముందు గీత గీసి, నేను దానికి లోపల ఉన్నానో బయట ఉన్నానో చూసుకున్నాకే సంతకం పెట్టాను.