గుడిలో నేను పడిపోయిన ఆదివారం

మాదాపూర్ రాళ్ళగుట్టల మధ్య అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్న కాలమది. లింగంపల్లిలో బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళివచ్చే మాలాంటి వాళ్ళం మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, ప్రపంచం మా వేళ్ళ కొసల మీదే నడుస్తోందనుకునేవాళ్ళం. నా మటుకు నాకు రెండంతస్తుల మెట్లెక్కడమే గగనంగా ఉండేది. ఆఫీసులో నన్ను 'ఫుల్ టవర్' అని పిలిచేవారు (అప్పట్లో అన్నిటికంటే పెద్ద కంప్యూటర్ డబ్బాకు ఆ పేరు). అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. కుర్చీలోంచి లేచేటప్పుడు అది కూడా నాతో పాటు లేచిన రోజు మాత్రం నవ్వలేకపోయాను.

ఆ సాయంత్రమే అన్నం మానేశాను. ఉడకబెట్టిన క్యాబేజీ, కీరదోసకాయ, మజ్జిగ. ఇంట్లో నేనూ, మా అక్కా, అమ్మా. అక్క దవాఖానలో నర్సు. క్యాబేజీ వాసనకు ముక్కు మూసుకుని, "గిట్ల కడుపు మాడ్చుకుంటే సన్నబడవురా, పడిపోతవ్" అంది. నర్సులకు అన్నీ రోగాల్లాగే కనిపిస్తాయని కొట్టిపారేశాను.

ఆ ఆదివారం గుడిలో (చర్చిని మేము గుడి అనే అంటాం) రెండో పాట పాడుతుండగా నా కళ్ళకు పాస్టరుగారు ఇద్దరయ్యారు. తర్వాత ఒక్కరూ లేరు. తెలివి వచ్చేసరికి రెండు బల్లల మధ్య ఇరుక్కుని ఉన్నాను. ముందు వరుసలోని ఒక పెద్దావిడ "ఆత్మ దిగింది! బిడ్డ మీదికి ఆత్మ దిగింది!" అంటూ చేతులెత్తి ఏడుస్తోంది. పాస్టరుగారు నా నుదుటి మీద చెయ్యి వేసి, "కంగారు పడకండి, అందరూ ప్రార్థనలో ఉండండి" అంటున్నారు. (ఆయనది గుంటూరు వైపు, ఎంత ఆపదలోనైనా అండీ గిండీ తప్పదు.) లేచి కాదని చెబుదామంటే బల్ల కదలదు, నేనూ కదలను.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ అక్క వచ్చింది. నాడి పట్టుకుని చూసింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"కీరదోసకాయ."

"రాత్రి?"

"అదే."

"ఆత్మ లేదు, ఏం లేదు. ఆకలి!" అంది గుడంతా వినపడేలా. ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. బల్ల పక్కకు లాగి నలుగురు కలిసి నన్ను లేపారు.

అక్క నన్ను బయట అరుగు మీద కూర్చోబెట్టి చక్కెర నీళ్ళు తాగించింది. గ్లాసు ఖాళీ అయినా నా నాడి వదల్లేదు, మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతూనే ఉంది.

"ఏందక్కా, మంచిగనే ఉన్న గదా."

"నాన్న పడ్డనాడు గూడ గిట్లనే నలుగురు లేపిండ్రు," అంది రోడ్డు వైపు చూస్తూ. "మళ్ళ లేవలే. నాడి చూసింది నేనే. నువ్వు చిన్నోడివి, నీకు యాదికి లేదు."

నాన్న కూడా నాలాగే భారీ మనిషి. ఫొటోలో ఆయన పొట్ట చూసి మేము నవ్వుకునేవాళ్ళం. అక్క కూడా నవ్వేది.

మర్నాటి నుంచి అక్క డ్యూటీ దిగి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా నన్ను నల్లగండ్ల చెరువు దాకా నడిపించేది. "జర కాళ్ళెత్తు! బర్రెలు గూడ నిన్ను దాటిపోతున్నయ్." నిజంగానే దాటిపోయేవి. కడుపుకు కొంచెం తక్కువగా అన్నం పెట్టేది, ఇంకొంచెం అడిగితే ముఖం తిప్పుకునేది. ఎన్నో నెలలకు గానీ ఊపిరి బిగబట్టకుండా చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాను. మెట్లెక్కి పైన నిలబడి మాట్లాడగలిగాను. సన్నబడ్డానని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పటికీ మేమిద్దరం పొద్దున్నే నడుస్తాం. ఆమె మోకాళ్ళ కోసం నేను ఆగుతాను, నా ఆయాసం కోసం ఆమె ఆగుతుంది. ఎవరి కోసం ఆగామో ఒప్పుకోం. చెవుల్లో పాటలు పెట్టుకున్న కుర్రకారు వెనక నుంచి పరుగెత్తుకొస్తే దారి ఇచ్చి పక్కకు జరుగుతాం. నేను మాత్రం మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువే జరగాలి.