స్విచ్చి తర్వాత రాసిన వరస

ఒకే ఒక్క కాగితంతో ఎమ్మిగనూరులో మగ్గాన్ని నిలిపేసిన ఘనుణ్ని నేను. కరెంటు పోయినా ఆగని చేతిమగ్గం, నా తెలుగు తగలగానే ఆగిపోయింది.

మాది ఆదోనిలో అంగడి. అంగట్లో పెరిగినవాడికి పాలతోపాటు పట్టే విద్య ఒకటుంది: అసలు మాట చివరిదాకా బయటపెట్టకూడదు. ముందు సరుకును పొగడాలి, పంటలెలా ఉన్నాయో అడగాలి, గిరాకీ లేచి చెప్పులు వెతుక్కునేటప్పుడు ధర చెప్పాలి. ఆ విద్య బేరంతో ఆగి ఉంటే బాగుండేది.

నేతగాళ్ల కోసం, కండెలకు దారం చుట్టే కరెంటు రాట్నాలు తెప్పించాం. వాడే పద్ధతి ఇంగ్లీషులో ఉంది. "నేను తెలుగులో రాస్తా" అని కూర్చున్నాను. మొదటి మూడు వరసల్లో రాట్నం గొప్పతనం. నాలుగో వరసలో "దారము కండెకు సంధింపబడవలెను". ఎనిమిదో వరసలో స్విచ్చి వేయమన్నాను. తొమ్మిదో వరసలో తీరిగ్గా, "ఇవన్నియు చేయుటకు ముందు వేగపు రెగ్యులేటరును సున్నాకు తిప్పవలెను" అని ముగించాను. ఎంత అందమైన ముగింపో!

మొదటి రాట్నం కొన్న నాగమ్మక్క మూడో రోజు ఫోన్ చేసింది. "కాగితం రాసినోడు నువ్వేనా అప్పా? ఒకసారి వచ్చిపో."

మెచ్చుకోవడానికే అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను.

వెళ్లేసరికి ఆమె ఒళ్లో ఎర్రటి కాకిగూడు. పట్టుదారం!

"పెండ్లి చీరది. సాయంత్రానికి మగ్గమెక్కాల. అంతా ఒకేసారి రంగేసిన దారం. మళ్లీ ఇదే ఎరుపు యాడ దొరుకుతాది?"

"రెగ్యులేటరు సున్నాలో పెట్టలేదా అక్కా?"

"యాడ రాసినావు?"

"తొమ్మిదో వరసలో."

"ఎనిమిదో వరస సదివి స్విచ్చి ఏసినా. తొమ్మిదికొచ్చేలోపల మా ఇంటాయన మీసానికి గూడా దారం సుట్టుకునింది!"

ఖాళీ మగ్గం దగ్గర నుంచి ఆ ఇంటాయన అందుకున్నాడు. "సంధింపబడవలెను అంటే ఏందప్పా? టెంకాయ కొట్టాలేమో అనుకుంటిమి."

"సగం చిక్కు నేను తీస్తా, సగం మీరు..."

"బేరం మీ అంగట్లో ఆడు. కూసో."

కూర్చున్నాను. పట్టుదారం గట్టిగా లాగితే తెగుతుంది, మెల్లగా లాగితే నవ్వుతుంది. నా వేళ్లు అవస్థపడుతుంటే ఆమె చెప్పుకుపోయింది.

"ముందు సేసే పని ముందు రాయి. వరసకొక పనే పెట్టు. నాతో మాట్లాడినట్టు రాయి. రాసినాక నాకిచ్చి, పక్కన నోరు మూసుకోని సూడు. నా సెయ్యి ఆగినకాడ నీ తప్పుండాది."

ఇన్నేళ్లుగా నేను రాసిన ప్రతి వాడుక కాగితమూ ఆ మాటల మీదే నిలబడింది. రాట్నం తెచ్చి మా అంగడి ముందు పడేసి తిట్టిపోయి ఉన్నా ఆమెను ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కానీ కూర్చోబెట్టి, మధ్యలో మజ్జిగిచ్చి మరీ నేర్పింది. ఆ రుణం తీరేది కాదు.

పొద్దు వాలేలోపు దారం తెగకుండా బయటపడింది. మగ్గం ఆడింది. బతికానురా అని నేను లేస్తుంటే నాగమ్మక్క పిలిచింది.

"అప్పా, రాసేదానికంటే సిక్కు తీసేది నీకు బాగొచ్చు. రేపు గూడా వస్తావా?"

ఆ రోజు ఎర్రబడ్డ నా పది వేళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: స్విచ్చికి ముందు చేయాల్సిన పనిని స్విచ్చికి ముందే రాస్తాను. తప్పితే ఎమ్మిగనూరులో చిక్కుపడ్డ దారమంతా తెచ్చి నా ముందు పోయండి. మజ్జిగ మాత్రం మరచిపోకండి.