తాబేలు బొమ్మ వెలిగే కారు

తప్పు చేసినవాడు ముందే చెయ్యెత్తితే తిట్లు సగానికి తగ్గుతాయని ఒక నమ్మకం. అందుకని మొదటే చెప్పేయడం మంచిది: ఆ కరెంటు కారు కొనిపించింది ఈ నాలుగు ముక్కలు రాస్తున్న మేనల్లుడే. "క్లచ్ లేదు, గేర్లు లేవు, పెట్రోలు కంపు లేదు. నువ్వు నేర్పాల్సింది సగమైపోతుంది అత్తా, హాయిగా కూర్చోవచ్చు" అని ఊదరగొట్టాడు. నలుగురికీ డ్రైవింగు నేర్పి బతికే మనిషి పక్క సీట్లో హాయిగా కూర్చోవడమన్నది ఎక్కడా జరగదని వాడికి తోచలేదు. తోచే బుర్రే అయితే వాడికీ ఒక ఉద్యోగం ఉండేది.

అత్త డ్రైవింగు బడి అంటే వీధివైపు గది ఒక్కటే. గోడకి రోడ్డు గుర్తుల పటం, ఒక బెంచీ, మేకుకి తగిలించిన పాత స్టీరింగు చక్రం. కొత్తగా చేరినవాళ్ళు ముందు ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, గోడని చూస్తూ, కుడికీ ఎడమకీ తిప్పాలి. గోడని గుద్దకుండా తిప్పడం వచ్చిందని అత్తకి నమ్మకం కుదిరాకే కారెక్కిస్తుంది. మేడమీద కాపురం. మామయ్య బట్టలకొట్లో గుమస్తా. వీధి వీధంతటికీ నేర్పిన అత్త ఆయనకి మాత్రం నేర్పలేకపోయింది. "నాకు బస్సుంది. దానికొక డ్రైవరున్నాడు. వాడి పొట్ట కొట్టడం దేనికి?" అంటాడాయన.

అత్త పాఠంలో అసలు కిటుకు వేరుశనక్కాయలు. నేర్చుకునేవాడు చెమటలు కక్కుతూ స్టీరింగు పట్టుకుంటే, అత్త పక్కన పొట్లం విప్పుకుని తీరిగ్గా కాయలు ఒలుచుకుంటుంది. ఎదురుగా లారీ వచ్చినా ఒలవడం ఆగదు. టీచరమ్మే కాయలు నములుతుంటే మనకెందుకు భయం అని వాళ్ళ ప్రాణం కుదుటపడుతుంది. "భయపడేవాడికి నడకే రాదు, కారేం వస్తుంది?" అన్నది ఆవిడ మాట. నేర్పే కార్లన్నిటికీ ఉన్నట్టే ఆవిడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెడలుంది. దాని గురించి అత్త గొప్పగా చెప్పుకునేది: "నా కాలు దానిమీద పడిందంటే ఎవరికో ఆయుష్షు గట్టిగా ఉన్నట్టే. ఏడాదికోసారి కూడా పడదు."

కారు వచ్చిన కొత్తలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. చప్పుడు లేదు, పొగ లేదు. తర్వాత ఒకరోజు నాలుగురోడ్ల కూడలి మధ్యలో తెర మీద పసుప్పచ్చ తాబేలు బొమ్మ వెలిగింది. "పవర్ తగ్గించబడింది, సర్వీసు కేంద్రాన్ని సంప్రదించండి" అని అక్షరాలు. అంతే, కారు నిజంగానే తాబేలైపోయింది. వెనక హారన్లు, పక్కనుంచి తోపుడుబండివాడు దాటుకుపోతూ ఒక జాలిచూపు. స్టీరింగు దగ్గరున్న కుర్రాడు దిగి పారిపోతానన్నాడు. అత్త వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

సర్వీసు కేంద్రం ఆస్పత్రికంటే శుభ్రంగా ఉంటుంది. అద్దాల గది, మెత్తటి సోఫాలు, మీట నొక్కితే కాఫీ. అక్కడి కుర్రాడు మెడకి టై, మొహానికి నవ్వు తగిలించుకుని, "చిన్న సాఫ్ట్‌వేర్ సమస్యండీ" అన్నాడు. సరిచేసి ఇచ్చారు. వారం తిరక్కముందే తాబేలు తిరిగొచ్చింది. ఈసారి యాక్సిలరేటరు మార్చారు. తాబేలు మళ్ళీ వచ్చింది. చిన్న బ్యాటరీ మార్చారు. వైర్ల కట్టకి కట్టే పీకి కొత్తది వేశారు. బ్రేకు దగ్గరి స్విచ్చి కూడా మార్చారు, ఎందుకంటే రెండు పెడళ్ళు చెప్పేది ఒకదానికొకటి పొసగడం లేదని కంప్యూటరు అంటోందట. "పొసగకపోతే పెద్దమనుషుల్ని పిలిచి పంచాయితీ పెట్టించండి, నన్నెందుకు తిప్పుతారు?" అంది అత్త. చివరికి ఆ కారులో పాతవి మిగిలినవి రెండే: సీట్లు, అత్త.

"మా దగ్గర నడిపితే బంగారంలా నడుస్తోందండీ" అన్నాడు టై కుర్రాడు.

"మీ దగ్గర బంగారమే. నా గుమ్మంలోకి రాగానే ఇత్తడవుతోంది."

"మరి మీ దగ్గర నడిపేవాళ్ళకి నడపడం రాదు కదండీ..."

"వస్తే నా దగ్గరకెందుకొస్తారు బాబూ? నీ దగ్గరకొచ్చి కాఫీ తాగుతారు."

ఒకసారి అత్త పంతం పట్టి, టై కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తనే ఊరంతా నడిపింది. తాబేలు జాడ లేదు. "ఎంత బాగా నడుపుతారండీ మేడమ్!" అని వాడు మెచ్చుకుంటే, అత్తకి ఒళ్ళు మండిపోయింది. రోగం చూపించడానికి డాక్టరు దగ్గరకెళితే నొప్పి మాయమైనట్టుంది వ్యవహారం.

ఈలోగా బడి ఖాళీ అవడం మొదలైంది. ఎదురువరసలో అత్త దగ్గరే నేర్చుకున్న ఒక శిష్యుడు సొంతంగా బడి పెట్టాడు. డొక్కు పెట్రోలు కారు, తలుపు తాడుతో కట్టాలి. అయినా బోర్డు మీద పెద్దక్షరాలతో "మా కారు ఆగదు" అని రాయించాడు. నిజమే, దాని బ్రేకుల సంగతి తెలిసినవాళ్ళు కూడా ఆ మాట కాదనరు. పొద్దుటి బెంచీ మీద అత్తకి మిగిలింది నర్సమ్మ ఒక్కర్తే. రోజంతా ఆస్పత్రిలో ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికి సూది గుచ్చే మనిషి, స్టీరింగు ముట్టుకుంటే వణికిపోతుంది. "ఇంకొక్కసారి ఆ తాబేలు కనబడిందంటే నేనూ ఎదురింటికి పోతాను టీచరమ్మా, ఏమీ అనుకోకండి" అని మొహమాటపడుతూనే చెప్పేసింది. ఆవిడ కూడా పోతే బడికి తాళం వేసుకోవడమే.

అత్త కంపెనీవాళ్ళతో దెబ్బలాడి దెబ్బలాడి ఒక ఒప్పందానికి తెచ్చింది. పెద్దింజనీరు స్వయంగా వచ్చి వెనకసీట్లో కూర్చుంటాడు. నేర్చుకునే మనిషే నడపాలి. ఆయన కళ్ళముందు తాబేలు వెలిగితే ఈ కారు తీసుకుని కొత్తది ఇస్తారు. వెలగకపోతే అత్త ఇక కంపెనీ గుమ్మం తొక్కకూడదు.

పెద్దింజనీరు మధ్యాహ్నం వస్తాడనుకున్నాడు మేనల్లుడు. అదే వాడి కొంప ముంచింది. అత్త "ఏడాదికోసారి" గొప్పలు వినీ వినీ, ఆ ఒక్కసారి ఎప్పుడో పట్టుకుందామని వాడికి బుద్ధి పుట్టింది. నడుస్తుంటే కీచుకీచుమనే పసిపిల్లల చెప్పులుంటాయి కదా, వాటి అడుగునుంచి కీచుబిళ్ళ పీకి, అత్తవైపు బ్రేకు పెడలు రబ్బరు తొడుగులో దూర్చాడు. నొక్కితే అరుస్తుంది, అంతే. పొద్దుటి పాఠంలో నవ్వుకుని, మధ్యాహ్నంలోగా తీసేద్దామని వాడి పథకం. వాడు కారు తలుపు మూసేలోగా పెద్దింజనీరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. సాక్ష్యానికి వీడియో తియ్యరా కోతీ అని అత్త మేనల్లుణ్ణి కూడా వెనకసీట్లోకి తోసింది.

నర్సమ్మ కారు కదిలించింది. అత్త పొట్లం విప్పింది.

కీచ్.

"ఏంటది?" అన్నాడు పెద్దింజనీరు.

మేనల్లుడు గట్టిగా దగ్గాడు. మలుపు దగ్గర ఒక సైకిలు అడ్డొచ్చింది. కీచ్. నీళ్ళ ట్యాంకరు. కీచ్ కీచ్. బడిపిల్లల గుంపు రోడ్డు దాటుతుంటే కీచుకీచు ఆగలేదు. మేనల్లుడి దగ్గూ ఆగలేదు.

"నీకా దగ్గు ఎప్పుడొచ్చిందిరా?" అంది అత్త, కాయ ఒలుస్తూ.

"ఇప్పుడే అత్తా."

పెద్దింజనీరు సీటు కింద చెయ్యిపెట్టి వెతికాడు. "కుక్కపిల్ల ఏదైనా ఎక్కిందా మేడమ్?"

"మీ కంపెనీవాళ్ళే ఏదో మార్చి ఉంటారు. వాళ్ళు మార్చనిదేముంది?"

కూడలి దాటాక తిన్నటి రోడ్డు. నర్సమ్మ పళ్ళు బిగించి యాక్సిలరేటరు నొక్కింది. ముందు లారీ, పక్కన బస్సు. కీచుబిళ్ళ కుయ్యోమని సన్నగా, తెంపులేకుండా మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు మధ్యలో టింగుమంటూ తెర మీద తాబేలు వెలిగింది.

"చూశారా!" అని అత్త సీట్లో ఎగిరినంత పని చేసింది. కాయలు ఒళ్ళంతా చెల్లాచెదరయ్యాయి. "చూశారా మహానుభావా! ఇప్పుడు చెప్పండి! నా కారుకి రోగమా, నా నోటికి రోగమా?"

కారు నత్తనడకన రోడ్డు పక్కకి చేరి ఆగింది. పెద్దింజనీరు తాబేలు వంక చూడలేదు. చెవి రిక్కించి వింటున్నాడు.

"మేడమ్, మీరు ఎగరగానే ఆ చప్పుడు ఆగిపోయింది."

దిగి ముందు తలుపు తెరిచి, ఫోను లైటుతో అత్త కాళ్ళ దగ్గరకి వంగాడు. పెడలు మీద వేలు పెట్టి నొక్కాడు. కీచ్. గుమ్మడికాయల దొంగలా మేనల్లుడు అప్పటికే భుజాలు తడుముకుంటున్నాడు. కానీ వాడి సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా మీ కాలు దీనిమీదే ఉంది మేడమ్" అన్నాడు పెద్దింజనీరు, ఎంతో మర్యాదగా. "ఆవిడేమో వెళ్ళమంటున్నారు, మీరేమో వద్దంటున్నారు. ఒకేసారి రెండూ వింటే కారు తన మెదడే చెడిపోయిందనుకుంటుంది. అందుకే పవరు తగ్గించేస్తుంది. మావాళ్ళు నడిపినప్పుడు ఈ సీటు ఖాళీ. మీరు నడిపినప్పుడు మీ కాలు ఇక్కడ లేదు."

"పాత కారుకి ఇలా ఎప్పుడూ కాలేదే?"

"పాతకాలంది కదండీ, నోరు మూసుకుని భరించింది. బ్రేకులు త్వరగా అరిగేవా?"

అరిగేవి. మెకానిక్కుని దొంగవెధవ అని తిట్టి, అత్త ఇద్దర్ని మార్చింది కూడా. సగం ఒలిచిన కాయ ఒకటి వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. పైన చేతులు కాయలు ఒలుస్తుంటే కింద కాలు ఏం చేస్తోందో ఆవిడకి నిజంగానే తెలియదు.

అప్పుడు నర్సమ్మ మెల్లగా అడిగింది: "టీచరమ్మా, అంటే... మీక్కూడా భయమేనా?"

కారులో పెద్దింజనీరున్నాడు, వీడియో తీస్తున్న కోతి ఉన్నాడు. కాదంటే సరిపోయేది. అత్త చేతిలోని సగం కాయని పొట్లంలో పడేసింది.

"భయం లేకపోవడానికి నేనేమైనా రాయినా? పక్కన కూర్చుని చూడు, తెలుస్తుంది" అంది.

నర్సమ్మ పకపకా నవ్వేసింది. ఆ మనిషి ఆ కారులో నవ్వడం అదే మొదలు. "అమ్మయ్య! భయమున్నది నాకొక్కదానికే అనుకుని చస్తున్నాను" అంటూ కారు ఆపి మళ్ళీ ఆన్ చేసింది. తాబేలు మాయమైంది. అత్త చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదకి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. కాయల్ని ముట్టుకోలేదు. ఒక్కో లారీ ఎదురైనప్పుడు సీటు అంచు పట్టుకుని, "నీ పక్కనుంచే పోతాడు, పోనీ, పోనీ" అని పైకే అనుకుంటూ కూర్చుంది. నర్సమ్మ కూడలి దాటింది, ట్యాంకరుని దాటింది, ఆ ఊపులోనే ఎదురు బడి బోర్డు ముందునుంచి కూడా దాటించి గుమ్మంలో ఆపింది.

"కొత్త కారు సంగతి..." అని అత్త నసిగింది.

"కారుకి వారంటీ ఉంది మేడమ్. కాలికి లేదు." పెద్దింజనీరు దిగుతూ కీచుబిళ్ళని మరోసారి నొక్కి చూశాడు. "ఇది మాత్రం తీయకండి. ఇంత మంచి సెన్సరు మా దగ్గర కూడా లేదు."

తీయలేదు. నర్సమ్మ ఆస్పత్రంతా చాటింపు వేసింది, టీచరమ్మకి మనకంటే ఎక్కువ భయం, భయమేస్తే కారు అరిచి చెబుతుంది అని. అత్త తల కొట్టేసినట్టయి రెండు రోజులు వీధి తలుపు తెరవలేదు. మూడోనాడు తెరిస్తే బెంచీ మీద చోటు లేదు. స్టీరింగు పేరెత్తితే గజగజలాడే జనం ఊళ్ళో అంతమంది ఉన్నారని ఎదురింటి శిష్యుడికి కూడా తెలియదు. ఇప్పుడు కీచుమన్నప్పుడల్లా నడిపేవాళ్ళే "కాలు టీచరమ్మా, కాలు!" అని కసురుతున్నారు. ఆవిడ తీస్తోంది.

మేనల్లుడు ఊరుకుంటాడా? సాయంత్రం మెట్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఏం అత్తా, కంపెనీని తిట్టావు, టై కుర్రాణ్ణి తిట్టావు, నోరులేని కారుని తిట్టావు. ఆఖరికి తప్పెవరిదంటావ్?" అన్నాడు.

అత్త కారు తుడుస్తున్న గుడ్డ పిండి, వాడివైపు తిరిగింది.

"ఇన్నేళ్ళు ఇంతమందికి నేర్పానురా, నా కాలు కింద నేలమీదే ఉండేది. నీకు నేర్పిన రోజు బ్రేకెక్కి కూర్చుంది, ఇన్నాళ్ళకి దిగింది."